22, 24: తార్నాక దారిలో సైకిలు ఫ్రేము కొలతల చరిత్ర

సైకిలు ఎక్కే మనిషి కాలి పొడవును ముందుగా కొలిచి, ఆ కొలతకు తగిన ఫ్రేమును ఎంచుకోవాలనే పద్ధతి హైదరాబాదుకు సైకిలుతో కలిసి రాలేదు. ముందు సైకిలు వచ్చింది. తరాల పాటు పాలక్యాన్లనూ, పుస్తకాల సంచులనూ, భార్యాబిడ్డలతో సహా సంసారాలనూ మోసింది. కొలత మాత్రం చాలా దశాబ్దాలు ఆలస్యంగా, పందెపు సైకిళ్ల వెంట, సెంటీమీటర్ల లెక్కతో వచ్చింది. ఈ రెండింటి నడుమ గడిచిన కాలంలో ఫ్రేము సైజును నిర్ణయించినవి కర్మాగారపు అచ్చులు, దుకాణంలో ఉన్న సరుకు, ఇంట్లో అంతకుముందే ఉన్న పాత సైకిలు మాత్రమే తప్ప, దాన్ని తొక్కబోయే కాలు కాదు. ఈ చరిత్రను దగ్గరగా పరిశీలించడానికి ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణమూ, దాన్ని ఆనుకుని ఉన్న తార్నాకా ఎంతో అనువైన చోటు. ఎందుకంటే సైకిలు లేనిదే గడవనంత దూరాలున్న విద్యాప్రాంగణం, దేశ ప్రజల ఎత్తులూ బరువులూ కొలిచిన పరిశోధన సంస్థ, పందెపు సైకిళ్ల కోసం కట్టిన వాలు బాట, ఈ మూడూ అక్కడ ఒకదానికొకటి కూతవేటు దూరంలో ఉన్నాయి.

ఫ్రేము సైజు అంటే ఏమిటో ముందుగా చెప్పుకోవాలి. సైకిలు ఫ్రేములో పెడళ్ల ఇరుసు దగ్గర మొదలై సీటు వరకు నిలువుగా, కాస్త వెనక్కు వాలి ఉండే గొట్టాన్ని సీటు గొట్టం అంటారు. ఇరుసు మధ్యబిందువు నుంచి ఆ గొట్టం పైకొస వరకు ఉన్న పొడవే సంప్రదాయంగా ఫ్రేము సైజు. 22 అంగుళాల సైకిలు అన్నప్పుడు ఆ 22 చక్రం కొలత కాదు, ఈ గొట్టం కొలత. అదే సైకిలుకు చక్రం 28 అంగుళాలు ఉంటుంది. పిల్లల సైకిళ్లకు మాత్రం చక్రం కొలతనే సైజుగా చెప్పడం బజారులో ఆనవాయితీ కావడంతో, రెండు లెక్కలూ కలగలిసి కొనుగోలుదారులు తికమక పడటం నేటికీ ఉంది. పైగా కొందరు తయారీదారులు గొట్టం పైకొస వరకు కొలవగా, మరికొందరు సీటు గొట్టమూ అడ్డంగా వచ్చే పై రాడ్డూ కలిసే చోటి మధ్యబిందువు వరకే కొలుస్తారు. అందువల్ల ఒకే సైకిలుకు రెండు కొలతల మధ్య ఒకటి రెండు సెంటీమీటర్ల తేడా వస్తుంది.

విచిత్రమేమంటే, సైకిలు చరిత్ర మొదటి ఘట్టంలో మనిషి కాలిని కొలవకుండా సైకిలు అమ్మడం అసాధ్యంగా ఉండేది. 1870లలో ఇంగ్లండులో ప్రబలిన ఎత్తు చక్రం సైకిలుకు గొలుసు లేదు. పెడళ్లు నేరుగా ముందు చక్రపు ఇరుసుకే బిగించి ఉండేవి. పెడలు ఒక చుట్టు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరిగేది కాబట్టి చక్రం ఎంత పెద్దదైతే అంత వేగం, కాని పెడలు కిందికి దిగినప్పుడు కాలు అందాలి కనుక చక్రం సైజు కాలి పొడవును మించడానికి వీల్లేదు. 1884లో అమెరికా నుంచి బయలుదేరి, 1886లో ఉత్తర హిందుస్థానం మీదుగా లాహోరు నుంచి కలకత్తా వైపు సాగి, సైకిలు మీద భూప్రదక్షిణ చేసిన తొలి మనిషిగా పేరు పొందిన థామస్ స్టీవెన్స్ తొక్కిన కొలంబియా సైకిలు ముందు చక్రం 50 అంగుళాలు. అతని ప్రయాణం దక్కను పీఠభూమిని తాకలేదు. తాకి ఉంటే ఇక్కడి గుట్టల దారుల్లో అంత ఎత్తున కూర్చుని అతను ఏమయ్యేవాడో ఊహించుకోవలసిందే.

ఈ బంధాన్ని తెంచింది గొలుసు. 1885లో కవెంట్రీ నగరంలో జాన్ కెంప్ స్టార్లీ రూపొందించిన రోవర్ సైకిలులో పెడళ్లు నడిమికి వచ్చి, వెనుక చక్రాన్ని గొలుసుతో తిప్పడంతో చక్రానికీ కాలికీ సంబంధం పోయింది. 1888లో డన్‌లప్ గాలి టైరు వచ్చాక అది మెత్తగా సాగే వాహనమైంది. మరికొద్ది సంవత్సరాల్లోనే రెండు త్రికోణాలు వీపులానించుకుని ఉన్నట్టు కనిపించే నేటి ఫ్రేము ఆకారం స్థిరపడింది. చక్రాలు అందరికీ ఒక్కటే కావడంతో మనుషుల మధ్య ఉండే తేడాను సర్దే భారం పూర్తిగా సీటు గొట్టం మీద పడింది, దాని మీద సీటును పైకీ కిందికీ జరిపే వీలు కొంత ఉండటం వల్ల ఆ భారం కంటికి కనిపించకుండా పోయింది. ప్రతి ఒక్కరికీ సరిపోయేలా ఒక యంత్రాన్ని చేయవచ్చునన్న భ్రమ అక్కడే పుట్టిందని చెప్పవచ్చు.

బ్రిటిష్ కర్మాగారాలు వలస రాజ్యాల కోసం ప్రధానంగా తయారు చేసినది రోడ్‌స్టర్ అనే నమూనా. నిటారుగా కూర్చోవడానికి వీలుగా వెనక్కి వంగిన హ్యాండిల్, స్ప్రింగుల తోలు సీటు, కడ్డీల బ్రేకులు, చైనును పూర్తిగా కప్పే డబ్బా, 28 అంగుళాల చక్రాలు, గతుకుల రోడ్డు కుదుపులను మింగేలా బాగా వాల్చిన ముందు వెనుక గొట్టాలు దాని లక్షణాలు. నాటింగ్‌హాంకు చెందిన రాలీ, బర్మింగ్‌హాంకు చెందిన బీఎస్‌ఏ, హెర్క్యులిస్, ఫిలిప్స్ వంటి పేర్లు తెలుగునాట ఇళ్లల్లో బంధువుల పేర్లంత పరిచితమైనవి. పురుషుల కోసం ఈ నమూనా సాధారణంగా 22, 24 అంగుళాల ఫ్రేములతో వచ్చేది. ఆ రెండు అంకెలే మన దేశంలో శతాబ్దంలో ఎక్కువ భాగం పాటు సైజు అన్న మాటకు అర్థంగా నిలిచాయి.

ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918 నాటి నిజాం ఫర్మానాతో ఏర్పడి, 1919లో గన్‌ఫౌండ్రీ ప్రాంతపు అద్దె భవనాల్లో తరగతులు మొదలుపెట్టింది. అడిక్‌మెట్ వైపు రాతినేలలో దానికి సొంత ప్రాంగణాన్ని కేటాయించి, 1934 జూలైలో ఆర్ట్స్ కళాశాల భవనానికి శంకుస్థాపన చేయగా, బెల్జియం వాస్తుశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్ రూపకల్పనలో అది 1939 డిసెంబరులో ప్రారంభమైంది. వెయ్యికి పైగా ఎకరాల ఆ ఆవరణలో హాస్టలు నుంచి తరగతికీ, తరగతి నుంచి గ్రంథాలయానికీ, అక్కడి నుంచి తార్నాక చౌరస్తాకూ నడిచి వెళ్లడమంటే పూటలో సగం దారిలోనే గడిచిపోవడం. చుట్టుపక్కల లాలాగూడ రైల్వే వర్క్‌షాపు అప్పటికే ఉంది. 1944లో నిజాం రాష్ట్రంలో మొదలైన శాస్త్ర పరిశోధనశాల తర్వాతి కాలంలో తార్నాకలో భారతీయ రసాయన సాంకేతిక సంస్థగా ఎదిగింది. జాతీయ పోషకాహార సంస్థ, 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, నాచారం పారిశ్రామికవాడ ఒకదాని తర్వాత ఒకటిగా వచ్చి చేరాయి. విద్యార్థి, గుమాస్తా, ఫిట్టరు, ప్రయోగశాల సహాయకుడు, పాలవాడు, పోస్టుమాను అందరూ ఒకే దారిలో, దాదాపు ఒకే రకపు నల్ల సైకిలు మీద వెళ్లిన కాలమది.

స్వాతంత్ర్యం తర్వాత దిగుమతులు తగ్గి, దేశీయ కర్మాగారాలు పెరిగాయి. మద్రాసు శివారు అంబత్తూరులో బ్రిటిష్ భాగస్వామ్యంతో టీఐ సైకిల్స్, బెంగాలులోని అసన్‌సోల్ దగ్గర సెన్-రాలీ, సోనీపట్‌లో అట్లాస్, 1956లో లుధియానాలో హీరో సైకిల్స్ వచ్చాయి. వీటన్నిటి ప్రధాన సరుకు పాత బ్రిటిష్ రోడ్‌స్టరే. పేరు మారింది, బిళ్ళ మారింది, 22, 24 మాత్రం మారలేదు. దానికి కారణం తయారీ విధానంలోనే ఉంది. గొట్టాల కొసలను లగ్గులనే ఉక్కు తొడుగుల్లో దూర్చి, కరిగిన ఇత్తడితో అతికి ఫ్రేము చేస్తారు. ప్రతి సైజుకూ గొట్టాలను వేరే పొడవుల్లో కోయాలి, అతికేటప్పుడు కదలకుండా పట్టి ఉంచే అచ్చులు వేరే ఉండాలి, దుకాణాల్లో వేరే నిల్వ ఉంచాలి. ఖరీదు నాలుగు రూపాయలు పెరిగితే కొనేవాడు వెనక్కు తగ్గే బజారులో ఇన్ని తంటాలు పడటానికి ఏ కర్మాగారమూ ముందుకు రాలేదు, రావాలని అడిగినవారూ లేరు.

సైకిలు దుకాణానికి విడిభాగాలుగా వచ్చేది. చక్రాలకు పుల్లలు అల్లి, బెండు తీసి, బిగించి ఇచ్చేది దుకాణపు మేస్త్రీ. కొనేవాడికి టైరు ఏ కంపెనీది, సీటు తోలుదా రెగ్జిన్‌దా, డైనమో ఎడమ వైపా కుడి వైపా, క్యారియర్ మీద స్ప్రింగు క్లిప్పు ఉండాలా అన్నదాకా ఎంపిక ఉండేది. తన ఒంటికి తగలబోయే ఒక్క కొలతలో మాత్రం ఎంపిక రెండు అంకెల మధ్యే. అందులోనూ 24 అంగుళాల సైకిలుకు ఠీవి ఎక్కువ అన్న భావన పల్లెల్లో బలంగా ఉండేది, ఎత్తు సైకిలు ఎక్కినవాడు ఎత్తు మనిషిగా కనిపిస్తాడన్న నమ్మకం వల్ల కావచ్చు.

ఆ రెండు అంకెలకూ ఇక్కడి మనుషుల కాళ్లకూ మధ్య ఉన్న పొత్తు ఎంతో లెక్క వేసి చూడటం కష్టం కాదు. 22 అంగుళాలు అంటే సుమారు 56 సెంటీమీటర్లు. రోడ్‌స్టరులో పెడళ్ల ఇరుసు నేల నుంచి సుమారు 30 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. సీటు గొట్టం వాలును లెక్కలోకి తీసుకుంటే పై రాడ్డు నేలకు 82 సెంటీమీటర్ల ఎత్తున వస్తుంది. భారతీయ పురుషుడి సగటు ఎత్తు 165 సెంటీమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. తొడల సందు నుంచి నేల వరకు ఉండే లోపలి కాలి కొలత ఎత్తులో 45 నుంచి 48 శాతం వరకు ఉంటుంది కాబట్టి అతనికి అది సుమారు 77 సెంటీమీటర్లు. అంటే చెప్పులు వేసుకున్నా సరే, ఆ సగటు మనిషి 22 అంగుళాల సైకిలును కాళ్ల మధ్య ఉంచుకుని రెండు పాదాలూ నేలకు ఆన్చి నిలబడలేడు. 24 అంగుళాల సైకిలు పై రాడ్డు 86 సెంటీమీటర్లు దాటుతుంది. దాని మీద నిశ్చింతగా నిలబడాలంటే ఆరడుగులకు పైబడ్డ మనిషి కావాలి.

అయితే తొక్కడం వేరు, నిలబడటం వేరు. పెడళ్ల ఇరుసు నుంచి సీటు పైభాగానికి ఉండవలసిన దూరం లోపలి కాలి కొలతలో సుమారు 88 శాతమని తర్వాతి కాలపు శిక్షకులు తేల్చిన లెక్క ప్రకారం, 77 సెంటీమీటర్ల కాలుకు ఆ దూరం 68 సెంటీమీటర్లు. 56 సెంటీమీటర్ల గొట్టం మీద స్ప్రింగుల సీటు ఎత్తు మరో 8, 10 సెంటీమీటర్లు కలిపితే 64 నుంచి 66 వస్తుంది. అంటే సీటును బాగా దించి పెట్టుకుంటే సగటు మనిషి 22 అంగుళాల సైకిలును హాయిగానే తొక్కగలడు. ఇబ్బంది అంతా ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ఆగేటప్పుడూ వస్తుంది. ఎడమ పెడలు మీద కాలు ఉంచి, మరో కాలితో నేలను రెండు మూడుసార్లు తన్ని, బండి కదిలాక కుడికాలిని క్యారియర్ మీదుగా తిప్పి ఎక్కడం. ఆగవలసి వస్తే సైకిలును ఒక పక్కకు వంచి ఒంటికాలి మీద నిలవడం లేదా రోడ్డు పక్క గట్టును వెతుక్కోవడం. ఇవన్నీ ఒక జాతి మొత్తం నేర్చుకున్న ఒడుపులు. చూసేవారికి అది సహజమైన విన్యాసంగా కనిపించింది గాని, నిజానికి అది 5 సెంటీమీటర్ల తేడాకు ఒళ్లు చెల్లించిన కప్పం.

పిల్లల విషయంలో ఆ కప్పం ఇంకా ఎక్కువ. 150 సెంటీమీటర్ల ఎత్తున్న కుర్రవాడి లోపలి కాలి కొలత 70 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. అతనికి సీటు ఇరుసు నుంచి 62 సెంటీమీటర్లలోపే ఉండాలి, కాని నాన్న సైకిలు సీటు ఎంత దించినా 64 కంటే కిందికి రాదు. అందువల్ల ఆ కుర్రవాడు సీటును వదిలేసి, పై రాడ్డు కింద త్రికోణంలోంచి కుడికాలిని దూర్చి అవతలి పెడలు మీద పెట్టి, ఎడమ చేతితో హ్యాండిలునూ కుడి చేతితో రాడ్డునో సీటునో పట్టుకుని, ఒంటిని విల్లులా వంచి సగం చుట్లు తొక్కేవాడు. హైదరాబాదు వాడుకలో దీన్ని కైంచీ అన్నారు. ఫ్రేము సైజు తప్పిందనడానికి ఇంతకు మించిన సాక్ష్యం మరొకటి అక్కర్లేదు. ఊరూరా ఉండిన సైకిల్ టాక్సీ దుకాణాలు, అంటే గంటల లెక్కన సైకిళ్లు అద్దెకిచ్చే దుకాణాలు, పిల్లల కోసం చిన్న సైకిళ్లు కొన్ని ఉంచేవి. పొడవుకు తగ్గ ఫ్రేమును వెతుక్కునే అవకాశం చాలామందికి జీవితంలో మొదటిసారీ చివరిసారీ దొరికింది అక్కడే.

స్త్రీల సైకిలు కథ కొంత భిన్నం. పై రాడ్డును కిందికి వాల్చి, చీరకూ లంగాకూ అడ్డు రాకుండా చేసిన లేడీస్ సైకిలులో నిలబడే సమస్య లేనే లేదు. కాళ్ల మధ్య అడ్డం లేనందున ఎంత ఎత్తువారైనా ఎక్కవచ్చు, దిగవచ్చు. ఆ సౌలభ్యాన్ని అది ఉడుపు కోసం కల్పించింది గాని ఎత్తు కోసం కాదు. భారతీయ స్త్రీ సగటు ఎత్తు 152 సెంటీమీటర్ల దగ్గర ఉండగా, ఆ సైకిలు ఇరుసు నుంచి సీటుకు ఉన్న దూరమూ, సీటు నుంచి హ్యాండిలుకు ఉన్న దూరమూ ఆమెకంటే పొడవైన మనిషిని ఊహించుకుని పెట్టినవే. కాలేజీ దారుల్లో ఎందరో పొట్టి మగవారు సైతం లేడీస్ సైకిలు సుఖమని తెలిసి కూడా నలుగురూ నవ్వుతారని దాన్ని తాకకపోవడం ఈ చరిత్రలో చిన్న విషయం కాదు.

దుకాణపు మేస్త్రీ చేతుల్లో కూడా ఒక కొలమానం లేకపోలేదు. సీటు మూతిని చంకలో ఆనించి చెయ్యి చాచితే వేళ్ల కొసలు పెడళ్ల ఇరుసును తాకాలి. మోచేతిని సీటు ముందు కొసకు ఆనిస్తే వేళ్లు హ్యాండిలు దరిదాపులకు చేరాలి. ఇది హైదరాబాదు సొంతం కాదు, సైకిలున్న దేశాలన్నిటిలో పాకిన చిట్కా. చెయ్యి పొడవుకూ కాలు పొడవుకూ అందరిలో ఒకే నిష్పత్తి ఉండదు కాబట్టి ఇది కచ్చితమైన పద్ధతి కాదు. అయినా దాన్ని తక్కువ చేయడానికి లేదు. ఫ్రేమును మార్చలేనివాడు సీటును మాత్రమే మార్చగలడు. ఆ పరిమితిలో చంక కొలత పనికి వచ్చింది.

ఇదే కాలంలో, ఇదే దారి పక్కన, మనుషుల శరీరాలను అతి శ్రద్ధగా కొలుస్తున్న సంస్థ ఒకటి ఉంది. 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ ఒక్క గదిలో ప్రారంభించిన బెరిబెరి పరిశోధన విభాగం కాలక్రమంలో పోషకాహార పరిశోధనశాలగా పెరిగి, 1958లో హైదరాబాదుకు తరలి వచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అనే పేరు పొందింది. దాని చిరునామాలో నేటికీ జామే ఉస్మానియా పోస్టాఫీసు పేరే ఉంటుంది. 1972లో ఇక్కడ కేంద్రంగా ఏర్పడిన జాతీయ పోషకాహార పర్యవేక్షణ బ్యూరో సిబ్బంది రాష్ట్రాల్లో ఇల్లిల్లూ తిరిగి, నిలువు కొలకర్రల సాయంతో పిల్లలవీ పెద్దలవీ ఎత్తులు, త్రాసులతో బరువులు నమోదు చేశారు. ఆకలి ఎముకల పెరుగుదలను ఎంత కురచ చేస్తుందో తెలుసుకోవడం వారి ఉద్దేశం. సైకిళ్ల ఊసు ఆ పట్టికల్లో ఎక్కడా లేదు, ఉండవలసిన అవసరమూ లేదు. అయినా దేశంలో మనుషుల కొలతలు పట్టికలుగా సిద్ధమవుతున్న ఆ దశాబ్దాల్లోనే సైకిలు పరిశ్రమ పరాయి దేశపు పాత కొలతలతో లక్షల ఫ్రేములు తయారు చేస్తూ ఉండటం గమనించదగ్గది.

1980ల మొదట్లో అమెరికన్ ఆర్థికవేత్త డేవిడ్ సెక్లర్, పేద దేశాల్లో మనుషులు పొట్టిగా ఉన్నంత మాత్రాన అనారోగ్యవంతులు కారని, చిన్న ఒళ్లు కొరతకు తగిన సర్దుబాటేనని వాదించాడు. 1960ల ఆరంభం నుంచి 1974 వరకు హైదరాబాదు సంస్థకు నేతృత్వం వహించిన సి. గోపాలన్ దాన్ని గట్టిగా ఖండించి, పొట్టితనాన్ని ఒప్పుకోవడమంటే పేదరికాన్ని ఒప్పుకోవడమేనని నిలబడ్డాడు. ఆ వివాదం లోతు సైకిలు కంటే చాలా పెద్దది. కాని పరిస్థితికి తగ్గట్టు మనిషి ఒదిగిపోవడాన్ని మామూలు విషయంగా చూడాలా అన్న ప్రశ్న రెండు చోట్లా ఒక్కటే. 2020లో అదే సంస్థ భారతీయుల ఆదర్శ ఎత్తును పురుషులకు 177, స్త్రీలకు 162 సెంటీమీటర్లుగా సవరించింది. ఇది సగటు కాదు, మంచి తిండీ ఆరోగ్యమూ ఉంటే చేరుకోగల ఎత్తు. 177 సెంటీమీటర్ల పురుషుడికి లోపలి కాలి కొలత 82 నుంచి 83 ఉంటుంది కాబట్టి, 22 అంగుళాల రోడ్‌స్టరు అతని కాళ్ల మధ్య ఎట్టకేలకు ఇరుకుగానైనా ఇముడుతుంది.

కాలిని కొలిచే విద్య మాత్రం ఐరోపా పందెపు సైకిళ్ల చుట్టూ పెరిగింది. పందెపు సైకిలు మీద మనిషి నిటారుగా కూర్చోడు; గాలి ఒత్తిడిని తప్పించుకోవడానికి ముందుకు వంగి, సీటు, పెడళ్లు, హ్యాండిలు అనే మూడు ఆధారాల మీద ఒళ్లంతా పంచి గంటల తరబడి తొక్కుతాడు. రోడ్‌స్టరు హ్యాండిలు వెనక్కి వంగి చేతులకు ఎదురొస్తుంది గనుక పై రాడ్డు కాస్త పొడవైనా పొట్టిదైనా నడుముకు తెలియదు. ముందుకు సాగి కిందికి వంగిన పందెపు హ్యాండిలుకు ఆ క్షమాగుణం లేదు. రెండు సెంటీమీటర్లు ఎక్కువైతే మెడ పట్టేస్తుంది, అరచేతులు తిమ్మిరెక్కుతాయి. సీటు తగ్గితే మోకాలి ముందు భాగమూ, పెరిగితే వెనుక భాగమూ నొప్పి పెడతాయి. 1967లో ఇంగ్లండులో హామ్లీ, థామస్ అనే పరిశోధకులు పెడలు అడుగుకు దిగినప్పుడు దాని నుంచి సీటు వరకు ఉండే దూరం లోపలి కాలి కొలతలో 109 శాతం ఉన్నప్పుడు శక్తి బాగా వెలువడుతుందని ప్రయోగశాలలో చూపారు. 1972లో ఇటలీ క్రీడా సంఘం వెలువరించిన శిక్షణ గ్రంథం ఆసనపు కొలతలను వివరంగా చెప్పింది. ఫ్రెంచి శిక్షకుడు సిరిల్ గిమార్ వాడిన 0.883 గుణకం, అతని శిష్యుడు గ్రెగ్ లెమాండ్ 1987లో వెలువరించిన పుస్తకం ద్వారా ప్రపంచమంతా తెలిసింది. ఇరుసు నుంచి సీటుకు దూరానికి పైన వాడిన 88 శాతపు లెక్క అదే. ఫ్రేము సైజుకు లోపలి కాలి కొలతను 0.65తో గుణించాలన్న సూత్రం కూడా ఈ వరుసలోనిదే. 77 సెంటీమీటర్ల కాలుకు అది 50 సెంటీమీటర్ల ఫ్రేమును సూచిస్తుంది. 22 అంగుళాల సైకిలుతో పోలిస్తే ఇది 6 సెంటీమీటర్లు తక్కువ.

ఈ విద్య తార్నాక పొలిమేరకు చేరింది వెలోడ్రోమ్‌తో. 2002 డిసెంబరులో హైదరాబాదు 32వ జాతీయ క్రీడలకు ఆతిథ్యమిచ్చిన సందర్భంలో ఉస్మానియా ప్రాంగణంలో సైకిలు పందేల కోసం ఈ బాట సిద్ధమైంది. వెలోడ్రోమ్ అంటే మలుపుల దగ్గర గోడలా వాలి పైకి లేచే అండాకారపు బాట. దాని మీద తిరిగే సైకిలుకు బ్రేకులుండవు, గేర్లుండవు, చక్రం తిరిగినంతసేపూ పెడలు తిరుగుతూనే ఉంటుంది. సైజు కుదరని సైకిలు మీద అటువంటి మలుపు తిరగడం ఇబ్బందే కాదు, ప్రమాదం కూడా. నాన్న సైకిలుతో నేర్చుకున్న సర్దుబాట్లు అక్కడ పని చేయవు కాబట్టి, ఆ బాట మీద శిక్షణకు వచ్చిన వారు 50, 52, 54 అనే అంకెలను సొంత చెప్పుల సైజులా గుర్తుపెట్టుకోవడం నేర్చుకున్నారు.

ఆ తర్వాతి దశాబ్దంలో దేశంలోకి గేర్ల రోడ్డు సైకిళ్లు విరివిగా వచ్చాయి. అవి వచ్చేసరికి ఫ్రేము ఆకారమే మారిపోయింది. 1990ల చివర బ్రిటిష్ రూపకర్త మైక్ బరోస్ తైవాన్ సంస్థ జైంట్ కోసం చేసిన టీసీఆర్ నమూనాలో పై రాడ్డును వెనక్కి వాల్చి, సీటు గొట్టాన్ని కురచ చేసి, సీటు కడ్డీ పొడవు పెంచారు; పది పన్నెండు సైజులకు బదులు చిన్న, మధ్య, పెద్ద అని చొక్కాల్లా అమ్మే వీలు దుకాణాలకు కలిగింది. సీటు గొట్టం ఇలా కురచైపోయాక దాని పొడవు దేనికీ కొలమానం కాకుండా పోయింది. అందుకే 2000ల తర్వాత సెర్వెలో సంస్థ ప్రచారంలోకి తెచ్చిన రెండు కొలతలు ముఖ్యమయ్యాయి: ఇరుసు మధ్య నుంచి హ్యాండిలు గొట్టం పైకొస మట్టం వరకు నిలువుగా ఉండే ఎత్తును స్టాక్ అనీ, అదే బిందువు నుంచి ఆ కొస వరకు అడ్డంగా ఉండే దూరాన్ని రీచ్ అనీ అంటారు. సీటును ఎత్తుకోవచ్చు, దించుకోవచ్చు, ముందుకూ వెనక్కూ జరుపుకోవచ్చు. ఈ రెండూ మాత్రం ఫ్రేముతోనే పుట్టినవి కాబట్టి కొనేముందే చూసుకోవాలి. కాళ్లు పొడవుగా, నడుము పైభాగం పొట్టిగా ఉన్న మనిషి కాలి కొలతను బట్టి మాత్రమే ఎంచుకుంటే హ్యాండిలు అందని ఫ్రేము ఇంటికి తెచ్చుకుంటాడు.

కొలతల పట్టింపు నగరంలో పెరగడానికి సుదూర సవారీలు కూడా ఒక కారణం. హైదరాబాద్ రాండొన్యూర్స్ వంటి బృందాలు నిర్వహించే బ్రెవేలలో, అంటే గడువులోగా దూరం పూర్తి చేయవలసిన పోటీ కాని సవారీలలో, 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు, 600 కిలోమీటర్లకు 40 గంటలు గడువు. తార్నాక నుంచి ఆర్ట్స్ కళాశాలకు వెళ్లే దూరంలో బయటపడని తప్పు 150వ కిలోమీటరు దగ్గర మోకాల్లో తప్పక బయటపడుతుంది. కొలత తీసుకునే పద్ధతి చాలా సులువైనది. చెప్పులు విప్పి గోడకు వీపు ఆన్చి నిలబడి, కాళ్ల మధ్య ఒక లావుపాటి పుస్తకాన్ని వీపు పైకి వచ్చేలా పట్టి, సీటు మీద కూర్చున్నంత బిగువుగా పైకి నొక్కి, గోడ మీద గీత గీయాలి; నేల నుంచి ఆ గీత వరకు ఉన్నదే లోపలి కాలి కొలత. గ్రంథాలయం పక్కనే ఉన్న విద్యార్థులకు లావుపాటి పుస్తకాలకు లోటు లేదు.

ఇన్ని సూత్రాలు వచ్చినా పొట్టివారి ఇబ్బంది పూర్తిగా తీరలేదు, రూపం మార్చుకుంది. రోడ్డు సైకిలు చక్రపు రిమ్ము, టైరు కూర్చునే చోట 622 మిల్లీమీటర్ల వ్యాసంతో, ప్రపంచమంతటా ఒకే ప్రమాణంగా స్థిరపడింది. ఫ్రేము చిన్నదవుతున్న కొద్దీ ముందు చక్రం పెడళ్లకు దగ్గరై, నెమ్మదిగా మలుపు తిరిగేటప్పుడు బూటు ముందు కొస టైరుకు తగులుతుంది. దాన్ని తప్పించడానికి పై రాడ్డును పొడిగించి ముందు చక్రాన్ని దూరం జరిపితే హ్యాండిలు కూడా దూరమవుతుంది. ఈ చిక్కును గుర్తించిన అమెరికన్ ఇంజనీరు జార్జీనా టెర్రీ 1985లో స్త్రీల కోసం ముందు చక్రాన్ని 24 అంగుళాలకు తగ్గించిన రోడ్డు సైకిళ్లను మార్కెట్లోకి తెచ్చింది గాని, పెద్ద కంపెనీలలో ఎక్కువ భాగం ఒకే చక్రం వైపే మొగ్గాయి. 152 సెంటీమీటర్ల స్త్రీకి 0.65 సూత్రం ప్రకారం రావలసినది 46 సెంటీమీటర్ల ఫ్రేము. ఆ సైజు పట్టికల్లో ఉంటుంది, దుకాణంలో తెప్పించి పెట్టేది మాత్రం తరచూ 52, 54, 56. విద్యార్థుల మధ్య చేతులు మారే పాత సైకిళ్లలోనూ అవే ఎక్కువ. కొనబోయేవారు సీటు గొట్టం మీద అంటించిన అంకెను నమ్మకుండా, పై రాడ్డుకు అటూ ఇటూ కాళ్లు పెట్టి నిలబడి చూసి, రీచ్ కొలతను తమ పాత సైకిలుతో సరిచూసుకుని, కురచ సీటు కడ్డీ, హ్యాండిలును ఫ్రేముకు కలిపే స్టెమ్ములో పొట్టిది, పెడళ్లను ఇరుసుకు కలిపే క్రాంకుల్లో 165 మిల్లీమీటర్లవి దొరుకుతాయేమో కనుక్కున్నాకే బేరం మొదలుపెడుతున్నారు.